మెస్‌లో అన్నం పారబోయకూడదు, క్యాంపస్‌లో ఎవరూ పస్తు ఉండకూడదు: వాట్సాప్ పోల్, క్యూఆర్ స్కాన్, కాటా, కూపన్... మీ కాలేజీకి ఏది సరిపోతుంది?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మెస్ కమిటీల్లో ఉన్న స్టూడెంట్స్, వార్డెన్లు, ఎన్‌ఎస్‌ఎస్ చూసే లెక్చరర్లు అందరూ దాదాపు ఒకే మాట అంటారు, "రోజూ బోలెడు అన్నం పోతోంది సార్, ఇంకో పక్క మధ్యాహ్నం ఏమీ తినకుండా క్లాసులో కూర్చునే పిల్లలున్నారు, ఒక యాప్ చేయించి ఇది వాళ్ళకి చేరిస్తే అయిపోదా" అని. ఆలోచన మంచిదే, కాదనను. కానీ అన్నం మిగలడం ఒక సమస్య, పిల్లలు పస్తుండటం ఇంకో సమస్య. మొదటిది రాత్రి తొమ్మిదిన్నరకి హాస్టల్ వంటింట్లో కనపడుద్ది, రెండోది మధ్యాహ్నం ఒంటిగంటకి డిగ్రీ కాలేజీ చెట్టు కింద కనపడుద్ది, ఈ రెండిటి మధ్య పదిహేనున్నర గంటల తేడా ఉంది, ఆ అన్నం అప్పటిదాకా ఉండదు. అందుకే ఒకే టెక్నాలజీతో రెండూ తేల్చేద్దామనుకుంటే రెండూ సగంలో ఆగిపోతాయి.

ఇది ఇక్కడి గొడవ మాత్రమే కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 28 శాతం హోటళ్ళు, క్యాంటీన్లు, మెస్‌లు లాంటి చోట్ల పోయిందే. 2030 నాటికి తలకి వృథా అయ్యేది సగానికి తగ్గించాలని దేశాలన్నీ లక్ష్యం పెట్టుకున్నాయి. అంత పెద్ద అంకె మన వల్ల కదలదు, మన గుండిగ మాత్రం మన చేతిలోనే ఉంది.

ఏది ఎంచుకోవాలన్నా ముందు ఇవి తేల్చుకోండి

అన్నిటికన్నా ముందు, ఎక్కడ పోతోందో చూడండి. చాలా హాస్టళ్ళలో రాత్రి గేదెలున్నాయన బండి మీద డ్రమ్ములు పెట్టుకుని వచ్చి కుడితికి పట్టుకెళ్తాడు కదా, ఆయన వచ్చే ముందు ఆ డ్రమ్ములోకి ఒకసారి తొంగి చూడండి. తెల్లటి అన్నం ముద్దలు ముద్దలుగా, గుండిగ ఆకారం చెదరకుండా ఉంటే అది వండి వడ్డించకుండా మిగిలింది, అంటే లెక్క తప్పింది. సాంబారు కలిసి, కరివేపాకు, ములక్కాడ పిప్పి, సగం కొరికిన ఇడ్లీ కనపడితే అది ప్లేట్లలో వదిలింది, అంటే రుచో, వడ్డనో, మెనూనో తప్పింది. మొదటిదానికి ముందే లెక్క తీసే పద్ధతి కావాలి, రెండోదానికి కాటా కావాలి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. ఇంకో విషయం, గుండిగలో మిగిలింది ఇంకొకరికి పెట్టొచ్చు, ప్లేట్లో మిగిలింది ఎవరికీ పెట్టకూడదు.

రెండోది డబ్బు, అంటే ఆదా అయితే ఎవరి జేబుకి. మీది డివైడింగ్ సిస్టమ్ అయితే, నెల మొత్తం ఖర్చుని తినేవాళ్ళ సంఖ్యతో భాగిస్తారు కాబట్టి వృథా తగ్గితే మెస్ బిల్లు తగ్గుద్ది, పిల్లలకి ఆ మాట చెప్తే చాలు, వాళ్ళే ముందుకొస్తారు. ఫిక్స్‌డ్ బిల్లు మీద కాంట్రాక్టర్ నడిపే మెస్ అయితే మిగిలేది కాంట్రాక్టర్‌కే, మరి పిల్లలు రోజూ ఫోన్ తీసి ఎందుకు నొక్కాలి? అక్కడ ఆదాలో కొంత భాగం ఆదివారం స్పెషల్‌గానో, అవసరమున్న పిల్లల కూపన్లుగానో వెనక్కి వచ్చేలా ముందే మాట్లాడుకోకపోతే ఏ యాప్ అయినా రెండు వారాల్లో చచ్చిపోద్ది. నేను చూసినంతలో ఇలాంటి ప్రయత్నాలు ఆగిపోయింది సాఫ్ట్‌వేర్ బాలేక కాదు, ఈ ఒక్క ముక్క ఎవరూ మాట్లాడకపోవడం వల్ల.

మూడు, ఫోన్లు. ఇంజనీరింగ్, యూనివర్సిటీ పిల్లల దగ్గర ఉంటాయి. రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో ఫోన్ లోపలికే రానివ్వరు, అక్కడ యాప్ గురించి మాట్లాడటం దండగ.

నాలుగు, మన ఎండ. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ బాక్టీరియా వేగంగా పెరుగుద్ది, బయట రెండు గంటలకి మించి ఉంచొద్దని, వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటేనని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. బెజవాడలో 32 దాటని మధ్యాహ్నాలు ఏడాదిలో ఎన్నుంటాయి చెప్పండి. పైగా అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియాతో ప్రత్యేకంగా ఇబ్బంది, అది వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అంటే "పొద్దున వేడి చేసి పెట్టేద్దాం" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఐదు, తీసుకునేవాళ్ళ మర్యాద. ఆకలిగా ఉన్నానని పదిమందిలో ఒప్పుకోవడం కన్నా పస్తుండటమే నయమనుకునే వయసు అది. పేరు బయటపడే పద్ధతి ఎంత హైటెక్ అయినా పనికిరాదు.

ఆఖరిది, రోజూ చేసే మనిషి ఎవరు? ఫైనలియర్ కుర్రాడు ఉత్సాహంగా పెట్టింది అతను పాసై వెళ్ళిపోగానే ఆగిపోద్ది. మెస్ సూపర్‌వైజర్‌కో, వంట మాస్టర్‌కో అలవాటయ్యేంత సింపుల్‌గా ఉండాలి.

ఒక చూపులో

| పద్ధతి | ఏది తగ్గుద్ది | ఖర్చు | ఫోన్లు కావాలా | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| వాట్సాప్ పోల్ / గూగుల్ ఫామ్ | గుండిగలో మిగిలేది | ఏమీ లేదు | కావాలి | పిల్లలు నొక్కడం మానేస్తే |
| గేటు దగ్గర క్యూఆర్ / వేలిముద్ర స్కాన్ | గుండిగలో మిగిలేది | కొంచెం నుంచి మధ్యస్థం | కార్డు ఉన్నా చాలు | క్యూ పెరిగితే |
| కాటా, రోజువారీ షీటు | ప్లేట్లో వదిలేది | కొన్ని వేలు | అక్కర్లేదు | రాసే మనిషి లేకపోతే |
| మిగులు అలర్ట్ గ్రూపు | గుండిగలో మిగిలేది, కొంత ఆకలి | ఏమీ లేదు | కావాలి | టైము దాటితే |
| బయట వాలంటీర్లకి ఇవ్వడం | గుండిగలో మిగిలేది | డబ్బాలు, రవాణా | ఒక్కరికి చాలు | రోజూ కొద్దికొద్దిగా మిగిలే చోట |
| డిజిటల్ కూపన్ / పూట బదిలీ | ఆకలి | నిధి కావాలి | అక్కర్లేదు, చీటీ అయినా చాలు | గుట్టు పోతే |

ముందే లెక్క: పోల్, ఫామ్, యాప్

నన్నడిగితే ముప్పాతిక హాస్టళ్ళు ఇక్కడే మొదలుపెట్టాలి. నాలుగొందల మంది హాస్టల్, తలకి పూటకి 125 గ్రాముల బియ్యం అనుకోండి, శనివారం రాత్రి ఎనభై మంది ఊరెళ్ళారు, వంట మాస్టర్‌కి ఆ సంగతి తెలీదు, అంటే 10 కేజీల బియ్యం అదనంగా పడ్డట్టు. కేజీ బియ్యం వండితే రెండున్నర కేజీల దాకా అన్నం అవుద్ది కాబట్టి ఒక్క పూటకి పాతిక కేజీల అన్నం, దానికి తగ్గ పప్పు, కూర, గ్యాసు వేరే. ఆ పాతిక కేజీలు మిగిలాక ఎవరికి పంచాలా అని రాత్రి పదింటికి తిరగడం కన్నా అసలు వండకపోవడమే తేలిక.

పోల్ పెట్టేటప్పుడు చాలామంది "రేపు తినేవాళ్ళు నొక్కండి" అని పెడతారు, అది వద్దు. "తిననివాళ్ళు మాత్రమే నొక్కండి" అని పెట్టండి. మర్చిపోయినవాడు తింటున్నట్టే లెక్క, కాబట్టి ఎవరికీ అన్నం తక్కువ కాదు, నొక్కాల్సింది కూడా తక్కువమందే. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు, పోల్ ఉచితం, మామూలు హాస్టల్‌కి ఇంతకన్నా అక్కర్లేదు. కాకపోతే వాట్సాప్ పోల్‌లో ఎవరు ఏం నొక్కారో అందరికీ కనపడుద్ది, అమ్మాయిల హాస్టళ్ళలో ఎవరు ఏ రాత్రి లేరో గ్రూపంతా తెలియడం మంచిది కాదు, అక్కడ మాత్రం గూగుల్ ఫామే పెట్టండి, షీటు వార్డెన్‌కి మాత్రమే కనపడేలా.

టైము ఎప్పుడు పెట్టాలి అనేది వంటని బట్టి ఉండాలి. రేపు పొద్దున ఇడ్లీకి ఇవాళ మధ్యాహ్నమే మినప్పప్పు నానబోస్తారు, కాబట్టి టిఫిన్ లెక్క ముందు రోజు పదకొండుకల్లా కావాలి, రాత్రి పది గంటలకి వచ్చే లెక్కతో ఏం చేసుకోవాలి, పిండి అప్పటికే రుబ్బేశారు. చికెన్ రోజు ఆర్డర్ పొద్దున్నే వెళ్ళిపోద్ది. అన్నం ఒక్కటే చివరి గంటలో కూడా మార్చుకోగలిగింది. అందుకని రోజుకి ఒక్క పోల్ కాకుండా టిఫిన్‌కి ఒకటి, రాత్రి భోజనానికి ఒకటి, రెండు పెట్టుకుంటే వంట మాస్టర్‌కి నిజంగా పనికొస్తుంది.

మూడు నెలలు ఆ లెక్కలు ఒక షీటులో దాచుకుంటే ఇంకా బాగుంటుంది. తేదీ, వారం, మెనూ, ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది, దాని పక్కన "ఏంటి విశేషం" అని ఒక గడి. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళు, కార్తీక సోమవారాలు, అయ్యప్ప మాల వేసుకునే రోజులు, రంజాన్ నెల, సంక్రాంతికి ముందు వారం, సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి, ఉప్మా పెట్టిన పొద్దున... మన హాస్టళ్ళలో సంఖ్య ఊగేది వీటితోనే. కృత్రిమ మేధతో అంచనా వేస్తామని వచ్చే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి కార్తీక సోమవారం సంగతి మీరు చెప్తే తప్ప తెలీదు. ఈ షీటే ఉంటే పాతికేళ్ళ వంట అనుభవం ఉన్న మాస్టర్ దాన్ని చూసి చెప్పే అంచనా చాలా దగ్గరగా వస్తుంది. అదే పోల్‌లో రంజాన్ నెలలో సహరి ఎంతమందికి కావాలో కూడా అడగండి, తెల్లవారుజామున మెస్ మూసి ఉండి బిస్కెట్లతో ఉపవాసం మొదలుపెట్టే పిల్లలు కొన్ని హాస్టళ్ళలో ఉన్నారు, అది కూడా ఆకలే.

ప్రత్యేకంగా మెస్ యాప్ ఎప్పుడు కొనాలి? రెండు వేల మంది దాటి, మూడు నాలుగు మెస్‌లు ఉండి, పిల్లలు ఇవాళ ఈ మెస్ రేపు ఆ మెస్ అని మారే చోట. వడ్డేశ్వరం, నీరుకొండ, వడ్లమూడి వైపు ఉన్న పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లకి అది సరిపోద్ది. చిన్న హాస్టల్‌కి అనవసరపు ఖర్చు.

గేటు దగ్గర స్కాన్

ఐడీ కార్డు మీద క్యూఆర్ కోడో, వేలిముద్రో, మెస్ గుమ్మం దగ్గర స్కాన్ చేసి లోపలికి పంపడం. చాలా చోట్ల ఇది హాజరు కోసమో, బయటివాళ్ళు రాకుండా ఉండటం కోసమో పెట్టారు, కానీ దీని అసలు ఉపయోగం వేరే ఉంది. స్క్రీన్ మీద అప్పటిదాకా ఎంతమంది వచ్చారో వంటింట్లో కనపడితే, అన్నం రెండో వాయి పొయ్యి మీద పెట్టాలా వద్దా, పెడితే ఎంత పెట్టాలి అనేది అప్పటికప్పుడు తేలుద్ది. ఒకేసారి మొత్తం వార్చేసి పెట్టుకునే పద్ధతి నుంచి వాయిలుగా వండే పద్ధతికి మారకపోతే మాత్రం ఈ స్కాన్ వల్ల వృథా గింజంత కూడా తగ్గదు, లెక్క మాత్రం చక్కగా కంప్యూటర్లో ఉంటుంది.

పోల్‌తో పోలిస్తే దీని బలం, ఇది పిల్లల మాట మీద ఆధారపడదు, నిజంగా వచ్చినవాళ్ళనే లెక్కేస్తుంది. బలహీనత, ఇది ముందే చెప్పదు, చికెన్, ఇడ్లీ పిండి లాంటివాటికి పనికిరాదు. క్యూ విషయం కూడా చూడాలి, ఒంటిగంటకి ల్యాబ్ వదిలాక రెండొందల మంది ఒకేసారి వస్తే ఒక్క వేలిముద్ర మిషన్ దగ్గర పదిహేను నిమిషాలు నిలబడాల్సి వస్తుంది, తడి చేతులతో అది చదవదు, విసుగొచ్చి పిల్లలు ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్‌కి పోతారు, లోపల అన్నం మిగిలిపోద్ది. నా ఓటు కార్డు మీద క్యూఆర్‌కే, అది చవక, తొందర, పిల్లల వేలిముద్రలు ఎవరో దాచిపెట్టుకోవాల్సిన పని కూడా లేదు.

కాటా, ఒక బోర్డు

డ్రమ్ములో ప్లేట్ల ఎంగిలే ఎక్కువ కనపడితే నేరుగా ఇక్కడికి రండి. ప్లేట్లు కడిగే చోట రెండు బకెట్లు, ఒకదాంట్లో అన్నం టిఫిన్లు, ఇంకోదాంట్లో కూరలు సాంబారు, పూట అయ్యాక డిజిటల్ కాటా మీద పెట్టి షీటులో రాయడం, మర్నాడు బోర్డు మీద వేయడం, అంతే. లండన్‌లో మొదలైన విన్నో, అమెరికా లీన్‌పాత్ లాంటి కంపెనీలు ఇదే పనిని కెమెరా, కాటా, కృత్రిమ మేధ కలిపి చేస్తాయి, బకెట్లో ఏం పడిందో కెమెరానే గుర్తుపడుద్ది. స్టార్ హోటళ్ళకి బాగుంటాయి. రోజూ అదే పప్పు, అదే సాంబారు, అదే అన్నం ఉండే మన మెస్‌కి ఏం పడిందో గుర్తుపట్టడానికి కెమెరా ఎందుకు, కడిగే అక్కని అడిగితే చెప్పేస్తుంది.

నిజానికి ఆ అక్కని అడగడమే ఇందులో సగం పని. ఏ రోజు ఏ కూర ప్లేట్లలో తిరిగొస్తుందో, దొండకాయ వేపుడు రోజు అన్నం కూడా ఎందుకు ఎక్కువ వదులుతారో, ఎవరికీ తెలియనంత బాగా వాళ్ళకి తెలుసు. కాటా చేసే పని ఆ మాటకి అంకె తగిలించడం, అప్పుడు మెనూ మార్చమని మెస్ కమిటీ గట్టిగా అడగొచ్చు.

బోర్డు మీద "నిన్న 38 కేజీలు పారేశాం" అని మాత్రమే రాస్తే పిల్లలు రెండు రోజులు చూసి వదిలేస్తారు, దాని పక్కనే "ఇది ఇంతమందికి ఒక పూట భోజనం" అని, డివైడింగ్ అయితే "నెలకి తలకి ఇంత బిల్లు" అని రాయండి. పేర్లు రాయడం, ఎక్కువ వదిలినవాళ్ళని నిలబెట్టడం, ఫైన్ వేయడం వద్దు. ఫైన్ వేసిన చోట పిల్లలు తినలేక అన్నాన్ని పేపర్లో చుట్టి బాత్రూముల దగ్గర పడేస్తారు, కాటా మీద అంకె తగ్గుద్ది, వృథా తగ్గదు. మొదటిసారి తక్కువ వడ్డించి, ఎన్నిసార్లు అడిగినా మళ్ళీ వేస్తాం అనే నమ్మకం కలిగిస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది, దానికి గరిటె సైజు మారిస్తే చాలు.

మిగిలింది పంచడం: క్యాంపస్ లోపల, బయట

కాలిఫోర్నియాలో ఫ్రెస్నో స్టేట్ యూనివర్సిటీ, మీటింగుల్లో ఫుడ్ మిగిలినప్పుడు స్టూడెంట్స్ ఫోన్లకి అలర్ట్ పంపే పద్ధతి పెట్టింది. మన దగ్గర దానికి సరిగ్గా సరిపోయేది రోజువారీ మెస్ కాదు, ఫెస్టులు, సెమినార్లు, ఫేర్‌వెల్ పార్టీలు, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌ల లంచ్‌లు. అక్కడ మిగిలేది ఒకేసారి ఎక్కువ, మంచి ఐటమ్స్, పిల్లలు దగ్గర్లోనే ఉంటారు. "సెమినార్ హాల్ వెనకాల నలభై ప్లేట్ల వెజ్ బిర్యానీ ఉంది, రెండున్నరకల్లా వచ్చి తినండి" అని ఒక్క మెసేజ్, అరగంటలో ఖాళీ. ఇది అందరికీ పిలుపు కాబట్టి ఆకలిగా ఉన్న పిల్లాడు కూడా పదిమందితో కలిసి వస్తాడు, ఎవరికీ ఏమీ తెలీదు, ఆ గుణం నాకు బాగా నచ్చుద్ది. కానీ దీన్నే ఆకలికి పరిష్కారం అనుకోకండి, ఫెస్టు లేని రోజున వాడేం తినాలి?

బయటికి ఇవ్వాలనుకుంటే 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ, అదే ఏడాది కోయంబత్తూరులో మొదలైన నో ఫుడ్ వేస్ట్ లాంటి వాలంటీర్ పద్ధతులు మీకు నమూనా. మీ ఊళ్ళో ఇలాంటి పని చేసేవాళ్ళెవరో ముందే కనుక్కుని నంబర్లు మెస్ గోడ మీద అంటించుకోండి, మిగిలాక వెతకడం మొదలెడితే అన్నం పాడైపోద్ది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మిగులు ఆహారం పంపిణీ మీద 2019లోనే నిబంధనలు తెచ్చింది, కాబట్టి ఏం ఐటమ్, ఎప్పుడు వండారు, వెజ్జా నాన్‌వెజ్జా అని చీటీ అంటించి, మూతపెట్టిన శుభ్రమైన డబ్బాల్లో, వేడి పోకముందే ఇవ్వాలి. పెరుగన్నం, కొబ్బరి చట్నీ, గుడ్డు కూర అసలు పంపొద్దు, అవి ముందు పాడయ్యేవి.

ఎవరికి సరిపోద్ది అంటే, అప్పుడప్పుడు ఎక్కువగా మిగిలే చోటికి. రోజూ ఐదారు కేజీలు మిగిలే హాస్టల్‌కి ఎవరో గుంటూరు టౌన్ నుంచి పెట్రోలు పోసుకుని నంబూరు దాకా రావడం కుదరదు, మీరు లెక్క సరిచేసుకోవడమే దారి. వాలంటీర్లని రోజూ పిలిచి రోజూ మిగులుస్తున్నారంటే అది దానం కాదు, మీ లెక్క రోజూ తప్పుతోందని అర్థం.

క్యాంపస్‌లో ఫ్రిజ్ పెట్టి ఎవరైనా తీసుకోవచ్చు అనే ఆలోచన కూడా వస్తుంటుంది. పండ్లు, మజ్జిగ ప్యాకెట్లు, బ్రెడ్డు వరకు పర్వాలేదు. వండిన అన్నం, కూరలు పెట్టాలంటే తేదీ చూసి పారేసే మనిషి రోజూ ఉండాలి, పైగా మా వైపు వేసవిలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు గుర్తుపెట్టుకోండి.

ఆకలికి అసలు మందు: పూట బదిలీ, కూపన్

2010లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో కొందరు స్టూడెంట్స్ ఒకటి గమనించారు, మెస్ ప్లాన్‌లో డబ్బు కట్టేసిన పూటలు చాలామందికి వాడకుండా మిగిలిపోతున్నాయి, అదే క్యాంపస్‌లో తినడానికి లేనివాళ్ళున్నారు, ఆ పూటల్ని వీళ్ళకి మార్చొచ్చు కదా అని. అదే స్వైప్ అవుట్ హంగర్ అనే సంస్థ అయింది, తర్వాత అమెరికాలో చాలా కాలేజీలకి పాకింది. అందులో నాకు నచ్చింది ఏంటంటే, అక్కడ ఇచ్చేది మిగిలిపోయిన అన్నం కాదు, అందరితో పాటు కూర్చుని తినే వేడి భోజనం.

మన దగ్గర ఇది ఎలా కుదురుద్ది? చాలా మెస్‌లలో వరసగా కొన్ని రోజులు లేకపోతేనే మెస్ కట్, అంటే బిల్లులో తగ్గింపు, ఇస్తారు, శని ఆదివారాలు ఊరెళ్ళొచ్చే పిల్లాడికి ఏమీ తగ్గదు. ఆ పూటలకి డబ్బు ఎలాగూ కట్టేశాడు. శుక్రవారం మధ్యాహ్నంలోపు పోల్‌లో "తినను" పక్కన "నా పూట ఇంకొకరికి ఇస్తా" అని ఇంకో ఆప్షన్ పెడితే, అవి ఒక నిధిలో చేరి వారం మధ్యలో వాడుకునే కోడ్‌లుగా మారతాయి. కాంట్రాక్టర్‌తో ముందే ఒప్పందం ఉండాలి, లేదంటే "వాళ్ళు రాలేదు కాబట్టి నేను వండలేదు" అంటాడు, అతని మాటా న్యాయమే. పూటకి పూట కాకపోయినా, రెండు పూటలు ఇస్తే ఒక పూట అన్నా మొదలుపెట్టండి.

హాస్టల్ లేని డిగ్రీ కాలేజీల్లో బదిలీ చేయడానికి పూటలే ఉండవు, అక్కడ నిధి కావాలి. పాత విద్యార్థులు, లెక్చరర్లు యూపీఐలో నెలనెలా కొంత వేస్తారు, క్యాంటీన్‌తో రేటు మాట్లాడుకుని కూపన్లు. ఇక్కడ టెక్నాలజీ చేయాల్సింది ఒక్కటే, గుట్టు కాపాడటం. డబ్బు పెట్టి కొన్న కూపనూ, ఉచితంగా వచ్చిన కూపనూ చూడటానికి ఒకేలా ఉండాలి, క్యాంటీన్ కౌంటర్‌లో స్కాన్ చేస్తే పచ్చ లైటు తప్ప ఏమీ కనపడకూడదు. అడిగే ఫామ్‌లో "ఎందుకు కావాలి", "ఆదాయ ధృవీకరణ పత్రం" లాంటివి పెట్టారా, నిజంగా అవసరమున్నవాళ్ళు తలుపు దాకా వచ్చి వెనక్కి పోతారు. కొంతమంది అవసరం లేకుండా వాడుకుంటారు, వాడుకోనివ్వండి, అది పస్తున్న ఒక్క పిల్ల కన్నా ఎక్కువ నష్టం కాదు. ఫొటోలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయొద్దు, గ్రూపులో పెట్టొద్దు.

మరి మీరెవరు, ఏది తీసుకోవాలి

పెద్ద క్యాంపస్, ఫోన్లున్నాయి, డివైడింగ్ సిస్టమ్: పోల్‌తో మొదలెట్టండి, రెండో నెలలో క్యూఆర్ కలపండి, మూడో నెలకి షీటులో లెక్క కుదురుద్ది. పూట బదిలీ అదే పోల్‌లో పెట్టేయండి. మిగులు పంచడం ఫెస్టులకి మాత్రమే ఉంచుకోండి.

రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీ, ఫోన్లు లేవు: అవుటింగ్ రిజిస్టరూ, సిక్ రూమ్ లెక్కా ఎలాగూ వార్డెన్ దగ్గర ఉంటాయి, వాటిని పొద్దున్నే ఒక ఎక్సెల్ షీటులో వేసి వంటింటికి పంపితే మీ పోల్ అదే. మీకు ప్లేట్ల వృథానే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే స్టడీ అవర్ బెల్లు కొట్టేలోపు తినాలి, తినడానికి ఇచ్చే టైము చాలదు. కాటా పెట్టి ఒక వారం కొలవండి, తర్వాత భోజనం టైము పది నిమిషాలు పెంచి ఇంకో వారం కొలవండి, ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ప్రిన్సిపాల్‌కి చూపించండి. ఇక్కడ పిల్లలకి ఇంతకన్నా పెద్ద మేలు ఏ యాప్ చేయలేదు.

బ్రాడీపేట, లక్ష్మీపురం, పటమట, మొగల్రాజపురం వైపు అరవై డెబ్భై మంది ప్రైవేట్ హాస్టల్ నడిపే అక్కలు, అన్నలు: మీకు వాట్సాప్ గ్రూపు చాలు. నెల బిల్లు ఫిక్స్‌డ్ కాబట్టి, "తినను" అని ముందే చెప్పినవాళ్ళకి నెలాఖరున పూటకి ఇంత అని తగ్గించండి. మీకూ లాభమే, కుర్రాళ్ళు కూడా మర్చిపోకుండా నొక్కుతారు.

టౌన్లో డిగ్రీ కాలేజీ, ఎక్కువమంది ఊళ్ళ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు: మీ దగ్గర వృథా సమస్య పెద్దగా లేదు, ఆకలి సమస్య ఉంది, కాటాలూ స్కాన్లూ పక్కన పెట్టేయండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, ఆ పథకం ఇంటర్‌తోనే ఆగుద్ది. 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకి 5 రూపాయలే, మీ కాలేజీకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే దాని మ్యాప్ లింకు, టైమింగ్స్ అన్ని క్లాసు గ్రూపుల్లో పెట్టండి, లంచ్ బ్రేక్ అక్కడికి వెళ్ళొచ్చేంత ఉందా చూడండి, లేకపోతే పొడిగించమని అడగండి. నెలకి పాతిక రోజులు వేసుకున్నా మధ్యాహ్న భోజనానికి నెల మొత్తం 125 రూపాయలు, ఆ మాత్రం కూడా కష్టమైన పిల్లలకి మీ నిధి నుంచి ఇవ్వొచ్చు. దూరమైతే క్యాంటీన్ కూపనే దారి. పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాళ్ళకి మొదటి గంట అయ్యాక రెండు ఇడ్లీల కూపన్ మధ్యాహ్న భోజనం కన్నా ఎక్కువ పనిచేస్తుంది, నిధి తక్కువుంటే టిఫిన్‌కే పెట్టండి.

డబ్బు లేదు, పర్మిషన్ లేదు, నలుగురు స్టూడెంట్సే ఉన్నారు అంటే, ఒక వారం పాటు రోజూ రాత్రి మెస్ మూసే టైముకి వెళ్ళి గుండిగలో మిగిలిందీ ప్లేట్లలో మిగిలిందీ వేరువేరుగా అడిగి రాసుకోండి, కాటా లేకపోతే గరిటెల లెక్కన రాసినా పర్వాలేదు. మొదట వంట మాస్టర్‌కి చూపించండి, వార్డెన్‌కి తర్వాత. మాస్టర్‌ని పక్కన పెట్టి నేరుగా పైకి వెళ్తే ఆయన మీద ఫిర్యాదు చేసినట్టు అవుద్ది, మర్నాటి నుంచి ఎవరూ మీకు అంకె చెప్పరు.